రెండు గంటల బస్సూ, నాలుగో బంతీ

కోనసీమలో ఎవరినైనా సాగనంపే భోజనం తలపెట్టారంటే, వంటాయన కూర్చోగానే అడిగే మొదటి మాట "ఎంతమందండీ?" కాదు. "బస్సెన్నింటికండీ?"

పెళ్ళి భోజనానికి ఈ బాధ లేదు. మూడింటికి వడ్డించినా గొణుక్కుంటూ తింటారు, తాంబూలం నోట్లో పడ్డాక మరిచిపోతారు. సాగనంపే భోజనంలో ఆ వీలు లేదు. ఎవరి కోసం పొయ్యి వెలిగించారో ఆ మనిషే పెరుగన్నం ఆకులో వదిలేసి బస్సుకు పరుగెత్తితే, ఆ మాట ఊళ్ళో పదేళ్ళు నానుతుంది. అందుకని లెక్కంతా వెనకనుంచి వేసేవారు.

కోనసీమకు రైలు లేదు. కాకినాడలో రాత్రి గౌతమి ఎక్స్‌ప్రెస్ రైలు ఎక్కాలంటే ముందు గోదావరి దాటాలి. ఎదుర్లంక వంతెన రాకముందు ముక్తేశ్వరం రేవులో పంటు (ఏరు దాటించే పెద్ద పడవ) ఎక్కి కోటిపల్లిలో దిగాలి. పంటు అవతలి ఒడ్డున ఉందంటే అరగంట హరీ. రోడ్డు మీదకు రెండు గంటల బస్సు వస్తుందంటే, ఇంట్లోంచి ఒకటిన్నరకు కదలాలి. బొట్టు పెట్టడం, బట్టలు పెట్టడం, దణ్ణాలు, కళ్ళు తుడుచుకోవడం, మరిచిపోయిన గొడుగు కోసం వెనక్కి రావడం, వీటికి ముప్పావుగంట. అంటే పన్నెండున్నర, కాస్త అటూఇటూగా, ఆ మనిషి చేతులు కడుక్కుని ఉండాలి. బంతి అంటే ఒకేసారి వరసగా కూర్చుని తినేవాళ్ళు. పాతిక మంది బంతికి ముప్పై అయిదు నిమిషాలు, ఆకులెత్తి నేల తుడిచి మళ్ళీ ఆకులు పరవడానికి పది. వందమందికి నాలుగు బంతులు. మొదటిది పదకొండుకు పావు తక్కువలో కూర్చోవాలి.

వెళ్ళే మనిషిని రెండో బంతిలో కూర్చోబెట్టేవారు, పెద్దరికం చూసి మొదటి బంతిలో కాదు. దానికి కారణం ఉంది. మొదటి బంతిలో వడ్డించేవాళ్ళ చేతులింకా కుదురుకోవు. పప్పులో ఉప్పు తక్కువైన సంగతి ఆ బంతిలోనే బయటపడుతుంది, నేతి గిన్నె ఎక్కడో వంటింట్లో ఉండిపోతుంది. ఆ బంతిలో పిల్లల్నీ, పొరుగూళ్ళకు తిరిగి వెళ్ళాల్సిన వాళ్ళనీ కూర్చోబెట్టాలి. మూడో బంతి దాకా ఆపితే, ఎక్కడో ఒక చోట ఆలస్యం జరిగి తీరుతుంది గనక, ఆ ఆలస్యమంతా వెళ్ళే మనిషి నెత్తిన పడుతుంది. నాలుగో బంతి ఇంటివాళ్ళదీ వడ్డించినవాళ్ళదీ. వాళ్ళు తినేసరికి వెళ్ళే మనిషి వెళ్ళిపోయి ఉండేవారు.

బదిలీ మీద వెళ్ళే మాస్టారు, రిటైరైన పోస్టుమాస్టరు, పదేళ్ళు పక్క వాటాలో అద్దెకుండి సొంతూరు పోతున్న కుటుంబం, కాపరానికి వెళ్ళే పిల్ల, కువైట్ విమానం ఎక్కే కుర్రాడు. ఎవరైనా పద్ధతి ఇదే. కాపరానికి వెళ్ళే పిల్లయితే మంగళవారం, శుక్రవారం కదలనిచ్చేవారు కాదు. ఉద్యోగానికి వెళ్ళేవాడికి చేరాల్సిన తేదీ ముందే రాసి ఉంటుంది, అది ఏ అమావాస్యో అయినా తప్పదు. దానికీ ఉపాయం ఉండేది: మంచి రోజు చూసి ముందే ఒక సంచి పొరుగింట్లో పెట్టేవారు. ప్రస్థానం ఉంచడం అంటారు. ప్రయాణం ఆ రోజే మొదలైనట్టు లెక్క, అసలు బయల్దేరే రోజున ఆ సంచి తీసుకుని పోవడమే.

శ్రావణ భాద్రపదాల్లో తేదీ పెట్టాలంటే పంచాంగంతో బాటు రేడియో కూడా వినాలి. ధవళేశ్వరం దగ్గర నీటిమట్టం 11.75 అడుగులకు వస్తే మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కు రెండోది, 17.75కు మూడోది. మొదటిది రాకముందే రేవుల్లో అనుమానాలు మొదలవుతాయి. వరద పెరిగితే పంటు ఆగిపోతుంది. 1986 ఆగస్టు వరద చూసినవాళ్ళెవరూ ఆ నెలలో సాగనంపే భోజనానికి వందమందిని పిలిచే సాహసం చేసేవారు కాదు. తప్పదంటే ఒక రోజు ముందే భోజనం పెట్టేసి, మర్నాడు తెల్లారగట్ల రావులపాలెం మీదుగా పంపేవారు.

తేదీ కుదిరాక రెండో పని గిన్నెలు. సప్లయి కంపెనీలు ఊరూరా లేని రోజుల్లో గుండిగలూ గంగాళాలూ ఇళ్ళనుంచే రావాలి.

"వదినగారూ, మీ పెద్ద గుండిగ ఓ రెండ్రోజులు కావాలండీ."

"ఆయ్, దానికేముందండీ, పట్టుకెళ్ళండి. కళాయి మాత్రం ఓసారి చూసుకోండి, వేయించి ఏడాది దాటింది."

ఆ రెండో మాట మర్యాదకు అన్నది కాదు. ఇత్తడి గిన్నె లోపలి కళాయి, అంటే తగరపు పూత, పోయి పచ్చటి ఇత్తడి బయటపడితే, అందులో చింతపండు పడ్డ వంట ఏదీ నిలవదు. పులుసు కిలుమెక్కి ఆకుపచ్చగా తేలుతుంది, నాలుకకు చేదుగా తగులుతుంది, తిన్నవాళ్ళకు వాంతులవుతాయి. బస్సులో కూర్చునే మనిషికి అంతకన్నా అపకారం లేదు. అందుకని వారం ముందే కళాయి వేసేవాణ్ణి పిలిచేవారు. అతను నేలలో గుంట తీసి, తిత్తితో బొగ్గులు రాజేసి, గిన్నె బాగా కాలాక నవసాగరం చల్లేవాడు. గుప్పున తెల్లటి పొగ లేచేది. ఆ పొగలోనే తగరం కడ్డీ ఆనించి, దూది ఉండతో ఒక్క చుట్టు తిప్పితే గిన్నె లోపల అద్దంలా తేలేది. గిన్నె చాలినంత కాలకపోతే తగరం ఉండలు కట్టి జారిపోతుంది, అతిగా కాలితే పసుపు తిరుగుతుంది. కళాయి సరిగ్గా పడిందో లేదో చూడాలంటే అడుగు కాదు, అంచు కింద వంపు చూడాలి. దూది అందనిది అక్కడే.

ఎవరి గిన్నె ఏదో తెలియడానికి చాలావాటి మీద పేర్లు చెక్కే ఉండేవి. లేనివాటి చెవులకు రంగు దారాలు కట్టి, ఏ రంగు ఎవరిదో నోటుపుస్తకంలో రాసేవారు. ఇదేదో చాదస్తం అనిపిస్తుంది గానీ, మర్నాడు పొద్దున్న ఒకేలాంటి పదకొండు స్టీలు బకెట్లు పెరట్లో బోర్లించి ఉన్నప్పుడు దాని విలువ తెలుస్తుంది. తిరిగి ఇచ్చేటప్పుడు గిన్నె ఖాళీగా పంపేవారు కాదు, అడుగున రెండు బూరెలో గుప్పెడు పులిహోరో ఉండేది.

ఇక నీళ్ళు. చుట్టూ గోదావరి పాయలున్నా డెల్టాలో నీళ్ళ లెక్క తేలిక కాదు. సముద్రం వైపు ఊళ్ళలో నూతి నీళ్ళు ఉప్పగా ఉంటాయి. స్నానాలకూ గిన్నెలకూ సరే, ఆ నీళ్ళలో కందిపప్పు ఎంత కట్టెలు తోసినా ఉడకదు. పప్పు గింజ గింజగా తిరుగుతూ ఉంటుంది, వంటాయన కట్టెల్ని తిడతాడు, తప్పు నీళ్ళది. పప్పుకూ, కాఫీకీ, తాగడానికీ కాలువ నీళ్ళో చెరువు నీళ్ళో కావిళ్ళతో తెప్పించి, ముందురోజు సాయంత్రమే గాబుల్లో పోసి పటిక తిప్పేవారు. కొన్నిళ్ళలో చిల్లగింజ అరగదీసి కలిపేవారు. తెల్లారేసరికి మడ్డంతా అడుక్కి దిగుతుంది. పైనుంచి చెంబుతో మెల్లిగా తీసుకోవాలే తప్ప బిందె ముంచారా, రాత్రి పడ్డ శ్రమంతా వృథా. ఎండాకాలం కాలువలు కట్టేసిన రోజుల్లో అయితే చెరువే దిక్కు. ఆ రోజుల్లో భోజనం పెట్టేవాళ్ళు చెరువు మట్టం చూసి మరీ పిలుపులకు వెళ్ళేవారు.

పెరట్లో గాడిపొయ్యి. అడుగు వెడల్పు, అడుగున్నర లోతు, ఏడెనిమిది అడుగుల పొడవు తవ్వి, మీద మూడు గుండిగలు వరసగా నిలిచేలా ఇటుకలు పేర్చేవారు. నోరు గాలి వచ్చే వైపు ఉండాలి, లేకపోతే పొగ వంటవాళ్ళ కళ్ళలోకి, మంట గాలిలోకి. పుస్తకాల లెక్క ఇంతవరకే. డెల్టా నేల దగ్గర ఇంకో తిరకాసుంది. వానాకాలం అడుగున్నర తవ్వితే ఊట వచ్చేస్తుంది. పొయ్యి కింద నీళ్ళు చెమరుస్తుంటే ఎన్ని కట్టెలు పెట్టినా ఎసరు కాగదు. అందుకని ఆ కాలంలో జానెడే తవ్వి, మిగతాది ఇటుకలతో, మట్టితో పైకి కట్టేవారు. లంక భూముల్లో ఇసక నేల గట్లు కూలి గుండిగ ఒరిగే ప్రమాదం ఉంటుంది, అక్కడ గోడలకు మట్టి మెత్తాల్సిందే. కట్టెలకు ఎండిన సరుగుడును మించింది లేదు. కొబ్బరి మట్టలు రాజేయడానికి బాగుంటాయి, భగ్గుమని ఆరిపోతాయి. చిప్పలు మాత్రం బూరెల మూకుడు కిందికి దాచిపెట్టాలి; నిలకడైన వేడి వాటిది.

పందిరి సంగతి వెంటనే తేల్చేయొచ్చు. కూర్చునే మనిషికి రెండడుగుల పైచిలుకు, ఎదురెదురుగా రెండు వరసలు, మధ్య వడ్డించేవాళ్ళు బకెట్లతో తిరగడానికి నాలుగడుగులు. ముప్పై అడుగుల పందిరిలో పాతికమంది హాయిగా కూర్చుంటారు. అల్లిన కొబ్బరాకులు జల్లును ఆపుతాయి, వానను ఆపవు. 1996 నవంబరు తుపాను తరవాత కొబ్బరిచెట్లే లేని ఊళ్ళున్నాయి. చాలా చోట్ల షామియానాలు పందిళ్ళ చోటులోకి వచ్చింది ఆ తరవాతేనని పెద్దవాళ్ళంటారు.

ముందురోజు రాత్రికే దూరపు చుట్టాలు దిగేవారు. వాళ్ళకు అరుగు మీద చెంబుతో నీళ్ళు, చేతికి మజ్జిగ గ్లాసు, పడకకు నులకమంచాలు, చాలనివాళ్ళకు చాపలు. మండువా ఇళ్ళలో పడకలు వేసేటప్పుడు చూరు నీళ్ళు ఎంత దూరం చిమ్ముతాయో చూసుకుని వేసేవారు. రాత్రి రెండింటికి వాన పట్టుకుంటే ముప్పైమందిని లేపి జరపడం కన్నా ముందే రెండడుగులు ఎడంగా పరవడం సుఖం. ఆ రాత్రి దీపాలకు పెట్రోమాక్సులు. వానాకాలంలో బంతి నెత్తి మీద దీపం వేలాడదీస్తే పురుగులన్నీ ఆకుల్లోనే. దీపాన్ని పందిరి బయట కట్టి, కింద బేసినులో నీళ్ళు పెడితే పురుగులు అందులో పడి చస్తాయి.

పొద్దున్న పలహారానికి అంబాజీపేట వైపు ఇళ్ళలో పొట్టిక్కలు. పనసాకులు నాలుగు కలిపి, కొబ్బరీనె ముక్కలతో కుట్టి బుట్టలు చేస్తారు. మరీ లేతాకు మెత్తబడి వాలిపోతుంది, ముదురాకు వంచగానే చిట్లుతుంది. నడిమి ఆకులే కోయాలి. మనిషికి రెండు చొప్పున ముప్పైమందికి అరవై బుట్టలు, రెండొందల నలభై ఆకులు. రాత్రి కబుర్లు చెప్పుకుంటూ ఆడవాళ్ళంతా కూర్చుంటే గంటన్నర పని. పిండి ఇడ్లీ పిండే. బుట్టలో ముప్పాతిక వంతే పోయాలి, నిండా పోస్తే పొంగి ఆవిరిగిన్నెలోకి కారుతుంది. ఆకు పసరు వాసన పిండికి పట్టాలంటే ఇడ్లీ కన్నా కాసేపు ఎక్కువ ఆవిరి పట్టనివ్వాలి. కొబ్బరి చట్నీతో తింటే పదిన్నర దాకా ఎవరూ వంటింటి వైపు తొంగిచూడరు. అసలు సంగతి అదే: వంటవాళ్ళకు మూడు గంటల ప్రశాంతత కొనుక్కోవడం.

వందమందికి సామానులు ఇలా తీసేవారు. అన్నానికి పన్నెండు కిలోల బియ్యం, పొలం పనులు చేసేవాళ్ళు ఎక్కువైతే పద్నాలుగు. పులిహోరకు వేరే నాలుగు కిలోలు. ముద్దపప్పుకు మూడు కిలోల కందిపప్పు. బూరెలకు రెండు కిలోల శనగపప్పు, రెండు కిలోల బెల్లం. కూరకు తొమ్మిది పది కిలోల కాయ. పెరుక్కి పదిహేను లీటర్ల పాలు. నెయ్యి కిలోన్నర. వడ్డించే చేయి ఎవరిదన్నదాన్ని బట్టి నెయ్యి కిలోకీ సరిపోతుంది, రెండు కిలోలకూ సరిపోదు. ఆకులు నూట ఇరవై.

బియ్యం పాతవై ఉండాలి, కనీసం ఆరు నెలలు. కోతలైన కొత్త బియ్యంతో బంతి అన్నం వండితే సంకటే. మార్టేరు పరిశోధనా స్థానం నుంచి 1982లో వచ్చిన స్వర్ణ డెల్టా అంతా పరుచుకున్నాక చాలా ఇళ్ళలో గాదెలో ఉన్నది అదే. అన్నానికి బాగానే ఉంటుంది గానీ పులిహోరకు సన్నబియ్యం కొనేవారు. పన్నెండు కిలోలూ ఒకే గుండిగలో పోయడం కొత్తవాళ్ళు చేసే పని. అడుగున మాడు, నడుమ ముద్ద, పైన పలుకు. నాలుగేసి కిలోల చొప్పున మూడు ఎసళ్ళు పెట్టి, ఒకటి వార్చేటప్పటికి రెండోది పొంగేలా చూసుకుంటే నాలుగో బంతి దాకా అన్నం పొగలు కక్కుతూనే ఉంటుంది. వార్చిన అన్నం ఉతికిన తెల్లపంచె పరిచిన చాప మీద గుమ్మరించి, ఒకసారి తెడ్డుతో పలచగా జరపాలి. ఆ మధ్యలో ఆవిరి పోకపోతే అడుగు అన్నం చెమర్చి జిగటవుతుంది.

పనస దొరికే రోజులైతే పనసపొట్టు ఆవ పెట్టిన కూర లేకుండా గోదావరి జిల్లాల్లో ఎవరినీ సాగనంపరు. గింజ గట్టిపడని లేతకాయ కావాలి. చేతులకూ కత్తికీ నూనె రాసుకోకపోతే జిగురు రెండ్రోజులు వదలదు. పొట్టు కొట్టడం నేర్పున్న చేతి పని: కాయ చెక్కు తీసి, ఒక చేత్తో తిప్పుతూ రెండో చేత్తో కత్తితో పొడిపొడిగా కొట్టుకుంటూ పోవాలి. ముక్కలు పెద్దవైతే అది పనస కూరవుతుంది, పనసపొట్టు కూర కాదు. పసుపు, ఉప్పు వేసి ఉడికించి, నీళ్ళు గట్టిగా పిండి, ఎండుమిర్చీ శనగపప్పూ మినప్పప్పూ జీడిపప్పుతో ఘాటైన పోపు, పల్చగా కాకుండా చిక్కగా తీసిన చింతపండు గుజ్జు. అన్నీ అయ్యాక కూర దింపి, చేయి పెట్టగలిగేంత చల్లారాక అప్పుడు ఆవ కలపాలి. ఆవాలు, ఎండుమిరపకాయ, కాస్త ఉప్పు వేసి నూరిన ముద్ద. పొయ్యి మీదుండగా కలిపారా, ఘాటు పోయి చేదు మిగులుతుంది. ఆ చేదును బెల్లం వేసి కప్పుదామని చూస్తారు, కప్పబడదు. ఇంకోటి: ఆవ కలిపిన కూర గంట ఆగితేనే రుచి. అందుకే పదకొండు తక్కువపావు బంతికి తొమ్మిదిన్నరకే ఈ కూర దిగిపోవాలి. వెనకనుంచి వేసే లెక్కకు ఇంత చక్కగా ఒదిగే కూర ఇంకోటి లేదు.

గారెలా బూరెలా అన్న తగువు ప్రతిసారీ వచ్చేది. సాగనంపే భోజనానికి బూరెలే సరైనవి. గారె మూకుట్లోంచి ఆకులోకి రావాలి. ఉపన్యాసం పావుగంట సాగితే అది గారె కాదు, బిళ్ళ. బూరె సాయంత్రం దాకా చెడదు, దారికి కట్టివ్వొచ్చు. మనిషికి రెండు చొప్పున రెండొందలు కావాలంటే పైన చెప్పిన రెండు కిలోల శనగపప్పు సరిగ్గా సరిపోతుంది, నిమ్మకాయంత పూర్ణాలు చేస్తే. పప్పు వేళ్ళ మధ్య నలిగితే విరగాలి, మెత్తగా జావ కాకూడదు. ఉడికాక జల్లెడలో వేసి నీళ్ళు పూర్తిగా ఓడనివ్వాలి. ఆ నీళ్ళు పారబోయకుండా చారులో పోస్తే దాని రుచే వేరు. పప్పు రుబ్బి, బెల్లం కలిపి మళ్ళీ పొయ్యి మీద పెట్టి, చేతికి అంటుకోకుండా ఉండ కట్టేదాకా కలియబెట్టాలి. ఏలకులు, కొబ్బరి కోరు దింపేముందు. పై తోపుకు ముప్పావు కిలో మినప్పప్పు, కిలోన్నర బియ్యం, నాలుగైదు గంటలు నానబెట్టి మెత్తగా రుబ్బినది.

చెడేదెక్కడంటే, మొదటి వాయిలో ఒక బూరె మూకుట్లో పేలుతుంది. పూర్ణం బయటపడి, బెల్లం మాడి, నూనె నల్లబడి, తరవాతి వాయిలన్నిటికీ ఆ నల్ల మచ్చలు అంటుకుంటాయి. పూర్ణంలో తడి మిగిలితే లోపల ఆవిరి పుట్టి పేలుతుంది. తోపు పల్చనైతే పూర్ణం కనబడుతూ ఒకవైపు చిల్లు పడుతుంది. తోపు పల్చన అనిపిస్తే గుప్పెడు బియ్యప్పిండి కలిపితే చాలు. పూర్ణం పల్చనైతే మాత్రం పిండి కలిపి సరిపెట్టకుండా మళ్ళీ పొయ్యెక్కించి దగ్గరకు రానివ్వడమే మేలు. తెలిసిన వంటాయన ముందు ఒక్క బూరె వేసి, దాన్ని తీసి విరిచి, చూసుకుని గానీ వాయి వేయడు. ఆ మొదటి బూరె మూకుడు చుట్టూ చేరిన పిల్లలది. బంతిలో బూరెకు బొటనవేలితో చిల్లు పెట్టి, నెయ్యి కోసం చూస్తున్న మనిషిని దాటి నేతి గిన్నె వెళ్ళిపోకూడదు. అది వడ్డించేవాడి మొదటి పాఠం.

పులిహోరకు కిలో బియ్యానికి నూరు గ్రాముల పైచిలుకు చింతపండు. పులుసు నూనె తేలేదాకా ఉడకాలి. పచ్చివాసన పోని పులుసు కలిపితే దారికి కట్టింది మధ్యాహ్నానికే పుల్లటి కంపు కొడుతుంది. పెరుగు మజ్జిగగా పుల్లబడకుండా ఎండాకాలంలో తెల్లారగట్ల నాలుగింటికి తోడు పెట్టేవారు, చలికాలంలో రాత్రి తొమ్మిదింటికే పెట్టి గోనెపట్టా కప్పేవారు. కొబ్బరి పచ్చడి ఆఖరున. పొద్దున్నే రుబ్బితే మధ్యాహ్నానికి వాసనొస్తుంది.

నీసు తినే ఇళ్ళలో కోడికూరా చేపల పులుసూ ముందురోజు రాత్రి దగ్గరివాళ్ళ మధ్య జరిగిపోయేవి. పులస దొరికే రోజులైనా బంతి భోజనంలో పులస పెట్టకూడదు. ఖరీదు మాట అటుంచి, వరద నీటికి ఎదురీది వచ్చిన ఆ చేప ఒళ్ళంతా ముళ్ళే. ఒక్కొక్కరూ ముల్లు ముల్లూ ఏరుకుంటూ కూర్చుంటే ముప్పై అయిదు నిమిషాల బంతి గంట దాటుతుంది. బస్సు ఆగదు.

ఉపన్యాసాలు భోజనానికి ముందు పెడితే అన్నం చల్లారుతుంది, తరవాత పెడితే విన్నవాళ్ళు కునుకుతారు. మాస్టార్లకు సన్మానం పొద్దున్న తొమ్మిదికే, కాఫీల వేళ ముగించేవారు. శాలువా, గొడుగు, వీలైతే చేతిగడియారం. గ్రూపు ఫొటో కూడా అప్పుడే. ఎండ నడినెత్తికెక్కితే కళ్ళ కింద నీడలు పడి అందరూ దెయ్యాల్లా వస్తారు, పైగా భోజనమయ్యాక ఇస్త్రీ చొక్కా మీద పప్పు మరకలు.

బంతిలో ఆకు కొస తినేవాడి ఎడమచేతి వైపు ఉండాలి. ముందు తీపి, తరవాత కూర, పచ్చడి, పులిహోర, అప్పడం, ఆపైన అన్నం, పప్పు, నెయ్యి. వడ్డించే ఆరుగురిలో ఒకడు ఏమీ వడ్డించకూడదు, బంతి అటునుంచిటు చూస్తూ ఖాళీ అవుతున్న చోటు చెప్పడమే వాడి పని. "మాస్టారికి మారు పప్పు", "చివర బాబాయిగారికి చారు". వాడు లేని బంతిలో మొదటి నలుగురికీ నాలుగుసార్లు, చివరి నలుగురికీ ఒకసారి వస్తుంది. వెళ్ళే మనిషి దగ్గర మాత్రం అందరూ చేరి బలవంతం చేస్తారు. "ఇంకొక్క బూరె వేయించుకోండి ఆయ్, మళ్ళీ ఎప్పుడు తింటారో." ఇక్కడే ఇంటి పెద్ద కాస్త కటువుగా ఉండాలి. నాలుగు గంటలు బస్సూ పంటూ ఎక్కబోయే మనిషి కడుపులో అయిదో బూరె పడితే అది ప్రేమ కాదు.

దారికి కట్టడం విడి విద్య. అరటాకును పచ్చిగా మడిస్తే ఈనె దగ్గర ఫట్‌మని చిట్లుతుంది. నిప్పుల సెగ మీద ఆకును అటూఇటూ జరుపుతూ ఉంటే ముదురుపచ్చగా మెరిసి, గుడ్డలా మెత్తబడుతుంది. అప్పుడు మడిస్తే ఎటైనా వంగుతుంది. పులిహోర పూర్తిగా చల్లారాకే పొట్లం కట్టాలి. వేడిగా కడితే లోపల చెమర్చి, కోటిపల్లి దాటేలోపే పాడవుతుంది. పెరుగన్నం కట్టేవాళ్ళు పెరుగు పోయరు. అన్నంలో కాచి చల్లార్చిన పాలు ఎక్కువ, పెరుగు ఒక్క చెంచా. రైలెక్కేసరికి అది తోడుకుని కమ్మగా ఉంటుంది. పెరుగే పోస్తే ఆ వేళకు పుల్లగా నోట పెట్టుకోలేనట్టుంటుంది.

విమానమెక్కేవాళ్ళకు ఆవకాయ సీసా తప్పదు. వారం ముందే సీసాలోకి మార్చి, గరిటెతో కూరి గాలిబుడగలు తీసి, పైన వేలెడు నూనె నిలిచేలా చూసి, మూత కింద వేలెడు ఖాళీ ఉంచాలి. మూతి దాకా నింపితే నూనె ఎగదన్ని బట్టలన్నీ ఎర్రబడతాయి. మూతి పొడిగుడ్డతో తుడిచి, మూత మీద కవరు బిగించి, మొత్తాన్ని పాత తువ్వాలులో చుట్టి సూట్‌కేసు నడుమ పెట్టేవారు. తాపేశ్వరం కాజా ప్రయాణానికి మొండిది, ఎక్కడ పెట్టినా ఓర్చుకుంటుంది. ఆత్రేయపురం పూతరేకులకు (2023లో భౌగోళిక గుర్తింపు వచ్చింది వీటికే) రేకు డబ్బా కావాలి, పైన ఏ బరువూ పడకూడదు. దూరం పోయేవాటికి బెల్లం కన్నా పంచదారవి నయం. బెల్లం చెమ్మ లాక్కుని రేకును మెత్తబరుస్తుంది.

ఇక గడప. బొట్టు, తాంబూలం, ఆడవాళ్ళకు రవికెగుడ్డ. "వెళ్తాను" అనకూడదు, "వెళ్ళొస్తాను" అనాలి, గడప దాటాక "ఏదైనా మరిచిపోయారా?" అని వెనకనుంచి పిలవకూడదు. అందుకే సామాను లెక్క లోపలే, గట్టిగా, అందరి ముందూ చదివేవారు: పెట్టె, పరుపుచుట్ట, మరచెంబు, పొట్లాలు మూడు, గొడుగు. ఎదురు రావడానికి ముత్తయిదువను వీధిలో ముందే నిలబెట్టేవారు. మగవాళ్ళు సామానుతో బాటు రోడ్డు దాకా, వీలుంటే రేవు దాకా.

వెనక ఇంట్లో అప్పుడు నాలుగో బంతి. మూడో ఎసరు అన్నం, అడుగంటిన చారు, చితికిన బూరెలు, అన్నిటికన్నా ఎక్కువగా పనసపొట్టు కూర. అది అప్పటికి బాగా ఊరి ఉంటుంది. ఆకులెత్తేస్తారు, గిన్నెలు నూతి దగ్గరకు చేరతాయి, దారాలు చూసి ఎవరివి వాళ్ళకు విడదీస్తారు. చీపురు మాత్రం ఎవరూ ముట్టరు. మనిషి అలా వెళ్ళగానే ఇల్లు ఊడవకూడదు. పందిట్లో మెతుకులు, అరుగు మీద తమలపాకు ఈనెలు, గడప దగ్గర పసుపునీళ్ళు అలాగే ఉంటాయి. గోడ గడియారం మూడుంపావు చూపిస్తుంది. పంటు ఇవతలి ఒడ్డునే ఉంటే ఈపాటికి దాటేసి ఉంటారు. అవతలుంటే ఇంకో అరగంట. ఇంటావిడ ఆ అరగంట కూడా కలుపుకుని, పావు తక్కువ నాలుగుకు చీపురు తీసేది.